ఏడుకొండల అంచున రాతిచదువు

విజ్ఞానశాస్త్రమును పుస్తకములందు చదివి ఊరుకొనక స్వయముగ చేసి చూడగోరు గృహస్థునకును, విద్యార్థికిని దూరదర్శిని మేలా, పక్షివీక్షణము మేలా, హామ్ రేడియో మేలా, శిలాపరిశీలనము మేలా తేల్చి వ్రాయుడని సంపాదకులు కోరిరి. నాలుగింటిని సమముగ తూచవలెననియే పూనుకొంటిని గాని, తిరుమల కనుమదారిలో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థవారు జాతీయ భూవైజ్ఞానిక స్మారకమని ప్రకటించిన కొండకోత కంటబడిన పిమ్మట లేఖిని వేరొకవైపు మరలలేదు.

శాస్త్రజ్ఞులు ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ అని వ్యవహరించు ఆ సంధిస్థలమున, అడుగున నున్నది 250 కోట్ల యేండ్లకు పైబడిన గ్రానైటు, నైసు శిలలు. వానిపై అరలు అరలుగా నిలిచినది సుమారు 160 కోట్ల యేండ్ల నాటి నగరి క్వార్ట్జైటు. భూగర్భమున లోతుగ ఘనీభవించిన శిల పైకి తేలి, ఎండకు వానకు అరిగి చదునై, ఆ చదునుపై నీరు పరచిన ఇసుక యుగయుగముల కరడుగట్టగా ఏర్పడిన ఈ రెండు శిలల నడుమ, ఏ పొరయు మిగులక చెరిగిపోయిన కాలము పదుల కోట్ల యేండ్లు. నిత్యము వేలాది యాత్రికులు గోవిందనామస్మరణతో ఆ పక్కగానే సాగిపోవుచున్నారు. వారిలో ఏ కొందరైనను కిటికీనుండి ఆ గీతను గుర్తించిన బాగుండునని నా ఆశ.

ఇంతకును సాధన యెట్లు? పదింతలు పెద్దదిగా చూపు చిన్న భూతద్దమొకటి చాలును. అద్దమును కంటికి ఆనించి రాతినే దానికడకు తేవలయును గాని, చేయిచాచి అద్దమును రాతిపై పట్టరాదు. గ్రానైటులో లేతగులాబి లేక తెలుపు ఫెల్‌స్పార్ పలకలు, గాజువంటి స్ఫటికము, తళుకుమను అభ్రకపు రేకులు ఒకదానినొకటి కరచుకొని కానవచ్చును. క్వార్ట్జైటును విరిచి చూచిన నున్నని మెరుపు తోచును. ఏలయన, సామాన్యమైన ఇసుకరాయి రేణువులను తప్పించుకొనుచు చిట్లగా, ఇది రేణువులను చీల్చుకొనియే చిట్లును. ఇనుపమేకుతో గీసిన అభ్రకముపై గాటు పడును. క్వార్ట్జైటుపై మేకే అరిగి లోహపు చార మిగులును. ఈ ఒక్క పరీక్షతో పదేండ్ల బాలుడు సైతము మెత్తని ఖనిజమును గట్టిదానినుండి వేరుపరచగలడు.

అయితే కొండపై సుత్తి ఎత్తరాదు. 1989 నుండి ఆ అరణ్యము శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానము. స్మారకమునకు గాటు పెట్టుట అపచారము. తిరుపతి వీధులలో కట్టుచున్న ప్రతి ఇంటిముందును కంకరగుట్ట గలదు. వంటింటి అరుగుపై కుప్పము గ్రానైటు పలక గలదు. అభ్యాసమునకు అవి చాలును.

తెలుగునాట అభిరుచితో శాస్త్రసాధన చేసినవారు లేకపోలేదు: విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1840లో స్వగృహ ప్రాంగణమున వేధశాల నెలకొల్పగా, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి 1874లో శుక్రగ్రహ సంక్రమణమును పరిశీలించెను.

దూరదర్శినిపై నాకు వైముఖ్యము లేదు. ఐనను చంద్రుని గోతులను, శని వలయమును చూచిన ఉత్సాహము చల్లారగనే అటకనెక్కిన దూరదర్శినులు మధ్యతరగతి ఇండ్లలో పెక్కు. రాత్రియు పగలు దీపములారని తిరుపతిలో మసకతారలు కానరావు. రాయి పగటివేళ, ఖర్చులేక, ఎన్నిమారులు వెళ్ళినను అక్కడనే లభించును.

మిగిలిన మార్గములు

పక్షివీక్షణము: మదనపల్లె చెంత ఋషివాలీ లోయలో పసుపుగొంతు పికిలిపిట్ట గలదు, అది బండరాళ్ళ గుట్టలనే ఆశ్రయించునది గావున, రాళ్ళ అభిరుచిగలవారికి ఈ రెండవ వ్యాసంగమును కలిసివచ్చును. దుర్భిణి ఒకటి, తేదీ వేళ స్థలము వ్రాయు నోటుపుస్తకమొకటి కావలయును.

ఆకాశము: జవ్వాదు కొండలలోని కావలూరున 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల వైణు బాపు దూరదర్శినిని చూచివచ్చిన పిమ్మటనే సొంతదానికి సొమ్ము వెచ్చించుడు.

హామ్ రేడియో: కేంద్రప్రభుత్వము జరుపు పరీక్షలో ఉత్తీర్ణులై అనుమతిపత్రము పొందనిదే ప్రసారము చేయరాదు, వినుటతో ఆరంభింపుడు.