ఏసీ ఫిట్టింగ్ తప్పని ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్.. బిల్డర్ కాదంటే ఏం చేయాలి?

మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్ వైపు కొత్త ఇల్లు తీసుకుంటున్నారా? తాళాలు చేతికి రాకముందే ప్రైవేట్ సంస్థతో హోమ్ ఇన్‌స్పెక్షన్ చేయించారా? అసలు గొడవ రిపోర్ట్ వచ్చాకే మొదలవుతుంది. ‘ఏసీ ఇన్‌స్టాలేషన్ సరిగా లేదు’ అని రిపోర్ట్‌లో ఉంటుంది. ‘మా పని పక్కా’ అని బిల్డర్ అంటాడు. మరి ఎవరి మాట చెల్లుతుంది?

సింపుల్‌గా చెప్పాలంటే ఇద్దరిదీ కాదు. ఏసీ కంపెనీ ఇచ్చిన ఇన్‌స్టాలేషన్ మాన్యువల్, మీ సేల్ అగ్రిమెంట్, స్పాట్‌లో తీసిన కొలతలు.. ఈ మూడే తేలుస్తాయి.

రిపోర్టే ఫైనల్ కాదు

మన దేశంలో హోమ్ ఇన్‌స్పెక్టర్లకు ప్రభుత్వ లైసెన్స్ అంటూ లేదు. కాబట్టి వాళ్ల రిపోర్ట్ ఒక అభిప్రాయం మాత్రమే, అది తప్పు కూడా కావచ్చు. ఉదాహరణకు థర్మల్ కెమెరా చూపించేది చల్లదనాన్ని, తేమను కాదు. ఏసీ గాలి తగిలి చల్లబడిన గోడ కూడా అందులో లీకేజీలాగే కనిపిస్తుంది. తేమ మీటర్‌తో చెక్ చేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఇవి కొలిచి చూడండి

* ఔట్‌డోర్ యూనిట్ చుట్టూ మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ ఉందా? ఇరుకు డక్ట్‌లో పెడితే వేడి గాలి మళ్లీ యూనిట్‌లోకే వెళ్తుంది, కూలింగ్ పడిపోతుంది.
* రాగి పైపు పొడవు కంపెనీ పరిమితి దాటిందా?
* డ్రెయిన్ పైపుకు కిందికి వాలు ఉందా? ఒక మగ్గు నీళ్లు పోస్తే తెలిసిపోతుంది.
* ఏసీకి, గీజర్‌కు వేర్వేరు ఎంసీబీలు, సరైన ఎర్తింగ్ ఉన్నాయా?
* గ్యాస్ తగ్గిందా? ఏసీలో గ్యాస్ వాడకంతో అయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీక్ అయినట్టే.

‘పని నీట్‌గా లేదు’ లాంటి మాటలు వాదనకు నిలబడవు. ఏ పాయింట్‌కు ఏ కొలత, ఏ ఫోటో ఆధారమో ఇన్‌స్పెక్టర్‌ను రాతపూర్వకంగా అడగండి.

తప్పు ఎవరిది?

చాలా ఇళ్లలో గోడ లోపలి పైపులు బిల్డర్ వేయిస్తాడు. ఏసీ మాత్రం కంపెనీ టెక్నీషియన్ బిగిస్తాడు. సమస్య రాగానే ఒకరి మీద ఒకరు తోసేస్తారు. అందుకే ఇద్దరినీ ఒకే రోజు పిలిచి, అక్కడే జాయింట్‌గా చెక్ చేయించండి. కంపెనీ సర్వీస్ రిపోర్ట్ సంతకంతో తీసుకోండి. ఈలోపు బయటి మెకానిక్‌తో గ్యాస్ నింపించడం, పైపు మార్పించడం చేయకండి. మీ ఆధారం మీ చేతులతోనే పోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

రెరాలో రిజిస్టర్ అయిన ప్రాజెక్ట్ అయితే 2016 రెరా చట్టంలోని సెక్షన్ 14(3) మీకు అండ. పొజెషన్ ఇచ్చిన రోజు నుంచి 5 ఏళ్లలోపు పనితనం, నాణ్యత లేదా సదుపాయాల్లో లోపం బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. ముందు ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్ట్‌లో నోటీస్ పంపండి. ఆ తర్వాత తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

సొంత స్థలంలో కాంట్రాక్టర్‌తో కట్టించుకున్న ఇల్లయితే? అప్పుడు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఇంటి నిర్మాణం కూడా ‘సేవ’ కిందికే వస్తుందని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. అజీజ్‌నగర్ వాళ్లకు రంగారెడ్డి జిల్లా కమిషన్ ఉంది. సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలి. సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయొచ్చు.

ఒకవేళ మళ్లీ కొలిస్తే రిపోర్టే తప్పని తేలిందా? సవరించిన రిపోర్ట్ ఇవ్వమని ఇన్‌స్పెక్షన్ సంస్థను అడగండి. తప్పు పాయింట్ ఒక్కటి ఉన్నా, మిగతా నిజమైన లోపాలను కూడా బిల్డర్ దాన్ని చూపించే కొట్టిపారేస్తాడు.