ఎసిటోను: దాని ప్రయోజనము

రసాయన ప్రయోగశాలను చూచుటకై కళాశాలకు పోయివచ్చిన మన పై తరగతి విద్యార్థులు నన్ను రెండు ప్రశ్న లడిగిరి. "మాస్టరుగారూ, అక్కడ ప్రతి బల్లమీదను ఎసిటోను సీసా యున్నది, ఏల? మన పాఠశాలలో దానిని బీరువాలో పెట్టి తాళము వేయుట యేల?"

ఎసిటోను నీటివలె తేటయైన ద్రవము. గోళ్లరంగును తుడుచు ద్రవములలో పెక్కింటియందు ఇదియే ముఖ్యము. దీని అణువునందు మూడు కర్బన పరమాణువులును, ఆరు ఉదజని పరమాణువులును, ఒక ఆమ్లజని పరమాణువును కలవు. ఆమ్లజని నడిమి కర్బనమును జంట బంధముతో పట్టుకొనియుండును. ఇరుప్రక్కల మిథైల్ సమూహములు రెండుండును. గుణమంతయు నీ కూర్పులోనే యున్నది. ఆమ్లజని గల కొన నీటితో పొత్తు కలుపును. మిథైల్ సమూహములు నూనె, లక్క, రంగు మొదలగువానికి చుట్టములు. నీరును నూనెయు కలియవని వంటయింట దినదినము చూచుచున్నాము. ఎసిటోననినచో నీటితో ఏ పాళ్లనైనను కలియును, జిడ్డును సైతము కరగించును.

మఱియు నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడున మఱుగగా నిది 56 డిగ్రీలకే మఱుగును. కావున పని ముగిసిన పిమ్మట దీనిని తొలగించుటకు మెల్లని వేడి చాలును. వేడికి చెడు పదార్థములు చెడక మిగులును. కడిగిన గాజు కుప్పెలో కొంచెము ఎసిటోను పోసి ఆడించి, వ్యర్థముల సీసాలో వంపినయెడల నీటిచుక్కలు దానితోడనే పోవును. మిగిలిన తడి త్వరలోనే ఆరును. నిజము చెప్పవలెనన్న, దీనికి చర్యలు జరుపుటకంటె పాత్రలు కడుగుటవలననే యెక్కువ పేరు వచ్చినదని నా యభిప్రాయము.

చర్యలకును పనికిరాకపోలేదు. సోడియము అయొడైడు ఇందులో బాగుగా కరగును. క్లోరైడు, బ్రోమైడు దాదాపు కరగవు. అందుచేత క్లోరిను గల కర్బన పదార్థమును అయొడిను గలదానినిగా మార్చునపుడు పుట్టిన ఉప్పు అడుగున పేరుకొని, చర్య ముందునకే సాగును. 1910 లో ఫింకెల్‌స్టైన్ వెల్లడించిన పద్ధతి యిది.

ఇక వెల. నేడు క్యుమీను పద్ధతిని ఫీనాలును చేయు కర్మాగారములలో ఎసిటోను కూడ పుట్టుచున్నందున చౌకగా దొరకుచున్నది. పూర్వ మట్లు కాదు. మొదటి ప్రపంచయుద్ధమున కార్డైటు అను తుపాకిమందు చేయుటకు ఎసిటోను కావలసివచ్చి, బ్రిటనులో కొఱత యేర్పడెను. చెయిమ్ వైజ్‌మన్ అను రసాయనవేత్త పిండిపదార్థమును సూక్ష్మజీవులచే పులియబెట్టి దీనిని తీసెను. 1917 లో ధాన్యము చాలక, ఆ దేశపు బడిపిల్లలచేత హార్స్ చెస్ట్‌నట్ కాయల నేరించిరి. ఎందులకో పిల్లలకు చెప్పలేదు!

రెండవ ప్రశ్నకు నా కన్నులార చూచినదే జవాబు. నేను శిక్షణ పొందు దినములలో తోటి విద్యార్థి యొకడు ఎసిటోనుతో కుప్పెను కడుగుచుండెను. స్పిరిటు దీపము బారెడు దూరమున నున్నదని నిశ్చింతగా నుండెను. ఎసిటోను ఆవిరి గాలికంటె రెండింతలు బరువైనది. పైకి పోక బల్లవెంట ప్రాకును. దీపమునుండి మంట ఆ దారినే వచ్చి అతని చేతి నందుకొనెను. తడిగుడ్డతో ఆర్పితిమి గాని, అతడు నెలదినములు ఎడమచేతితో వ్రాసెను. అందువలననే మన ప్రయోగశాలలో దీపము లన్నియు ఆర్పి, కిటికీలు తెఱచిన పిమ్మటగాని బీరువా తాళము నేను తీయను.