రథసారథి నేర్పిన పాఠము

1896వ సంవత్సరమున గ్రీసు దేశమందలి డెల్ఫీ క్షేత్రమున త్రవ్వకములు జరుపుచున్న ఫ్రెంచి పరిశోధకులకు ఒక కంచు విగ్రహము లభించెను. అది ఒక రథసారథి ప్రతిమ. దానిని పోతపోసి దాదాపు రెండువేల అయిదువందల యేండ్లయినది. అతడు ధరించిన నిడుపాటి అంగీ నడుమునుండి పాదములవరకు నిలువు కుచ్చెళ్లతో జాలువారుచుండును. అట్టి వస్త్రమును గ్రీకులు 'కిటోను' అనిరి. అది దేహపు కొలతలకు కత్తిరించి కుట్టినది కాదు. వెడల్పైన గుడ్డను ఒడలికి చుట్టి, భుజములపై బిగించి, నడికట్టు కట్టుకొనెడివారు. మన చీరవలెనే అది ధరించువారి కనుగుణముగా అమరెడిది.

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఐరోపాలోని సంపన్న స్త్రీల వేషము ఇందుకు విరుద్ధముగా నుండెను. వారు ఉక్కుబద్దలు కూర్చిన 'కార్సెట్టు' అను బిగుతైన కట్టును నడుమునకు బిగించుకొనెడివారు. దానితో వంగుటయు, ఊపిరి పీల్చుటయు కష్టమయ్యెడిది. దేహమునకు తగిన ఉడుపునకు మారుగా, ఉడుపునకు తగినట్లు దేహమునే నొక్కుచుండిరి.

ఆ కాలమున ఇటలీ దేశపు వెనిసు నగరమున మరియానో ఫోర్టూనీ (1871–1949) అను స్పెయిను దేశీయుడగు చిత్రకారుడును, తరువాత ఆయన భార్యయైన హెన్రియెట్టును కలసి పనిచేయుచుండిరి. 1907 ప్రాంతమున వారు ఒక నూతన వస్త్రమును రూపొందించి, డెల్ఫీ విగ్రహమును స్మరించి 'డెల్ఫోస్' అని పేరిడిరి.

పలుచని పట్టుగుడ్డలను నాలుగైదింటిని నిలువుగా జతచేసి, గొట్టమువలె కుట్టి, దాని నిండ సన్నని కుచ్చెళ్లు తీర్చిరి. దేహము కదలినపుడు కుచ్చెళ్లు విచ్చుకొనును. నిలిచినపుడు మరల దగ్గరకు చేరును. కావున ఒకే ఉడుపు వేర్వేరు ఆకృతులవారికి సరిపడెను. మెడ వెడల్పును త్రాటితో సవరించుకొనవచ్చును. అంచులకు గ్రుచ్చిన మురానో గాజుపూసలు అలంకారమే కాక, తేలికయైన పట్టును బరువుతో నిలుపును. ఉడుపును త్రాడువలె మెలిపెట్టి చిన్న పెట్టెలో దాచినను కుచ్చెళ్లు చెదరవు. కార్సెట్టుతో పనిలేని ఈ వస్త్రమును స్త్రీలు మొదట ఇంటిలోనే ధరించిరి. క్రమముగా బయటికిని ధరించి వెళ్లసాగిరి.

1909లో పారిసు నగరమున ఫోర్టూనీ తన పేరిట దీనికి పేటెంటు పొందెను. కాని దీనిని కనుగొన్నది హెన్రియెట్టే యని ఆ పత్రముపై స్వహస్తముతో వ్రాసెను. పరుల శ్రమను తనదిగా చెప్పుకొనకుండుట కూడ గొప్ప గుణమే కదా!

వారు సారథి అంగీని యథాతథముగా కుట్టలేదు. వస్త్రము దేహమునకు లోబడి యుండవలెనను సూత్రమును మాత్రము గ్రహించి, తమ కాలమునకు తగిన రూపమిచ్చిరి. పూర్వుల ననుకరించుట వేరు. వారినుండి నేర్చుకొనుట వేరు.