పళ్ళ గార తీసే చదువు: మన పిల్లలకు బ్రతుకుతెరువు అవుతుందా?

పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్ళలో ఒకటే ప్రశ్న: పిల్లను ఏ చదువులో వేద్దాం? డాక్టరు చదువుకు మార్కులు చాలవు, డబ్బు అంతకంటే చాలదు. అటువంటి వేళ ఎవరో ఒకరు "డెంటల్ హైజీనిస్టు" అనే మాట చెవిని వేస్తారు. బెంగుళూరులో మా ఆఫీసు మిత్రుడొకరు తమ కుమార్తె విషయమై ఈ సంగతే మమ్మల్ని అడిగారు. వారికోసం విచారించి తెలుసుకొన్నది పాఠక సోదరీసోదరులకు కూడ మనవి చేస్తున్నాము.

పళ్ళకు పట్టిన గార తీయడం, శుభ్రం చేసి మెరుగు పెట్టడం, పళ్ళు కాపాడుకొనే పద్ధతి నేర్పడం ఈ వృత్తి అని 1948 నాటి దంతవైద్యుల చట్టం నిర్వచించింది. పళ్ళు పీకడం, పిప్పిపన్నుకు సిమెంటు నింపడం వీరి పని కాదు. అమెరికాలోని బ్రిడ్జిపోర్టులో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తమ సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు ఈ విద్య నేర్పారు. 1913లో ఇందుకొక బడే పెట్టారు. వృత్తి అలా పుట్టింది.

మన దేశంలో ఇది రెండేండ్ల చదువు. సైన్సుతో ఇంటరు, అనగా కన్నడ సీమలో పి.యు.సి., అరవనాట ప్లస్ టూ, పూర్తి చేసి ఉండాలి. చదువయ్యాక రాష్ట్ర దంతవైద్య మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. అసలు కీలకం ఇక్కడే ఉన్నది.

మా అన్నగారి అమ్మాయి సంగతి చెబుతాము. ఆరునెలల్లో హైజీనిస్టు అవుతుందని ఒక ప్రైవేటు సంస్థవారు చెబితే నమ్మి ఫీజు కట్టాము. సర్టిఫికెట్టు ఇచ్చారు గాని, ఆ కాగితంతో నమోదు కుదరదని తరువాత తెలిసింది. ఇప్పుడామె ఒక డాక్టరుగారి వద్ద సహాయకురాలు. పని మంచిదే, కాని అనుకొన్న వృత్తి అది కాదు. ముందుగా అడగకపోవడం మా తప్పే.

ఇక ఉద్యోగాలు. దాపరికం లేకుండా చెప్పాలంటే, మన దేశంలో చిన్న క్లినిక్కులలో గార తీసే పని డాక్టరుగారే చేసుకొంటారు. బి.డి.ఎస్. ముగించిన కొత్త డాక్టర్లే తక్కువ జీతానికి దొరుకుతూంటే, హైజీనిస్టును ప్రత్యేకంగా పెట్టుకొనేవారు కొద్దిమందే. అవకాశాలు దంత కళాశాలల ఆసుపత్రులలో, పెద్ద ఆసుపత్రులలో, రైల్వేలలో, మాజీ సైనికుల పాలిక్లినిక్కులలో ఉంటాయి. రైల్వేవారు 2024లో ప్రకటించిన 1,376 వైద్య సహాయక ఉద్యోగాలలో హైజీనిస్టులకు వచ్చినవి 3 మాత్రమే. వాటికి కూడ డిప్లొమాతో పాటు సైన్సు డిగ్రీ, రెండేండ్ల అనుభవం అడిగారు. మూల వేతనం మాత్రం 35,400 రూపాయలు.

ఊరును బట్టి కూడ తేడా ఉన్నది. బెంగుళూరు, చెన్నై, బొంబాయి వంటి నగరాలలో వెతుక్కొనే చోటు ఉన్నది. యానాంలోనో బరంపురంలోనో ఉండి ఈ పనే కావాలంటే కష్టం. ఊరు కదలడానికి సిద్ధపడాలి. విదేశాల మీద ఆశ పెట్టుకొనేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. అమెరికాలో హైజీనిస్టులకు జీతాలు బాగుంటాయి గాని, లైసెన్సుకు అక్కడ గుర్తింపు పొందిన చదువు కావాలి. మన డిప్లొమా నేరుగా చెల్లదు.

మన పిల్లలకున్న బలం ఒకటి ఉన్నది. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒరియానో మరాఠీయో. ఈ వృత్తిలో సగం పని రోగికి అర్థమయ్యేలా చెప్పడమే గదా! తమిళనాడు ప్రభుత్వోద్యోగానికి తమిళ పరీక్ష ఎలాగూ తప్పదు. స్థానిక భాష చదవను, వ్రాయను రావలెను.

ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఈ చదువుకు గుర్తింపు ఉన్నదా? మండలిలో నమోదు అవుతుందా? నిరుడు చదివినవారు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? మూడవదానికి పేర్లతో జవాబు రాకపోతే లేచి రండి.

మా మిత్రుడు ఇదంతా విని, "అయితే వద్దంటారా?" అన్నారు. వద్దనలేదు. అమ్మాయి ముందు డిగ్రీ ముగించి, పిదప గుర్తింపుగల కళాశాలలో ఈ చదువు చదివితే రెండు దారులుంటాయి. ఒకటి మూసుకొన్నా రెండవది ఉంటుంది. అమ్మాయి బి.యస్సీ.లో చేరింది.