దూడ తాగగా మిగిలిందే జున్ను

పాకలో గేదె ఈనిందన్న కబురు వీధి చివరికి చేరేలోగా ఇరుగుపొరుగు ఇళ్లలో గిన్నెలు సిద్ధమవుతాయి. "జున్నుపాలు ఎప్పుడు పోస్తావు పిన్నీ?" అని పిల్లలు గుమ్మం ముందు చేరతారు. అడిగినవారికి లేదనడం పల్లెలో మర్యాద కాదు. గ్లాసు చొప్పున నాలుగిళ్లకు పంచితేనే ఇంట పాడి నిలుస్తుందని పెద్దల మాట. ఈ సందడిలో పాక మూల తడి ఆరక వణుకుతున్న దూడను పట్టించుకునేవారు మాత్రం తక్కువ. ఆ పాలకు అసలు హక్కుదారు అదే.

మాయ పడేదాకా ఆగరాదు

ఈనిన తర్వాత మొదటి మూడు నాలుగు రోజులు వచ్చే చిక్కని పసుపుపచ్చ పాలనే ముర్రుపాలు అంటారు. మామూలు పాలలో నూటికి మూడు నాలుగు పాళ్లుండే మాంసకృత్తులు ఆవు తొలి పితుకు పాలలో సుమారు 14 పాళ్లుంటాయి. వాటిలో పెద్ద భాగం రోగాలను ఎదుర్కొనే రక్షక పదార్థాలు. తల్లి కడుపులో ఉండగా ఇవి దూడకు అందవు. పుట్టిన తర్వాత ముర్రుపాల ద్వారానే అందాలి.

అదీ వెంటనే జరగాలి. దూడ పేగులు ఈ పదార్థాలను నేరుగా రక్తంలోకి తీసుకోగలిగేది పుట్టిన తొలి గంటల్లోనే. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గి, ఒక రోజు దాటేసరికి దాదాపు ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని పాలు తాగించినా కడుపు నిండుతుందే గాని ఆ రక్షణ మాత్రం రాదు.

చాలా ఊళ్లలో మాయ పడేదాకా పాలు పితకరు, దూడను పొదుగు దగ్గరకు పోనివ్వరు. మాయ పడటానికి కొన్నిసార్లు ఏడెనిమిది గంటలు పడుతుంది. అంతసేపూ దూడ ఎండు నోటితోనే ఉంటుంది. ఆ తర్వాత పారుడు రోగమో, ఊపిరితిత్తుల జబ్బో వచ్చి దూడ పోతే, దిష్టి తగిలిందనుకుని సరిపెట్టుకుంటారు. మాయతో సంబంధం లేకుండా అరగంట, గంటలోపే తాగించాలని పశువైద్యులు చెబుతున్నారు. దూడ పొదుగు చీకితే మాయ త్వరగా పడటానికి కూడా తోడ్పడుతుంది. తొలి పేడ సులువుగా జారడానికి కూడా ఈ పాలే మందు.

ఎంత తాగించాలి?

దూడ బరువులో పదో వంతు అన్నది సులువైన లెక్క. 30 కిలోల దూడకు రోజుకు మూడు కిలోల పాలు మూడు నాలుగు విడతలుగా పట్టాలి. ముందుగా పొదుగును గోరువెచ్చని నీళ్లతో కడిగి, ప్రతి చన్ను నుంచి రెండు మూడు ధారలు పిండి పారబోయాలి. లేవలేని దూడను పట్టుకుని చన్ను నోటికి అందించాలి. బొడ్డును రెండంగుళాలు వదిలి శుభ్రమైన దారంతో కట్టి, కింద కోసి, టింక్చర్ అయొడిన్ రాయాలి. దూడ ఆడదైనా మగదైనా ఈ పద్ధతి ఒక్కటే. ఈనాడు బతికించుకున్న పెయ్యదూడ మూడు నాలుగేళ్లకు పాడి గేదె అవుతుంది. ఒక పూట జున్నుకు ఆశపడి దాన్ని పోగొట్టుకుంటే, మరో గేదెను కొనడానికి సంతలో అప్పు చేయవలసిందే.

ఇక మిగిలిన పాలు

మంచి పాడి గేదె అయితే దూడ తాగగా పాలు మిగులుతాయి. ఈనిన నాలుగైదు రోజుల దాకా ఈ పాలను పాల కేంద్రాల్లో పోయించుకోరు. కాస్తే విరిగిపోవడమే దానికి కారణం. కేంద్రంలో పనికిరాని ఆ గుణమే వంటింట్లో జున్నుగా మారుతుంది. వేడి తగలగానే మాంసకృత్తులు ఒకదానికొకటి పట్టుకుని పాలను గడ్డగా పేరుస్తాయి. కోడిగుడ్డు ఉడికి గట్టిపడేదీ ఇలాగే.

తొలి పితుకు పాలు ఒక గ్లాసుకు మామూలు పాలు ఒకటిన్నర, రెండు గ్లాసులు కలపాలి. కలపకపోతే జున్ను రబ్బరులా సాగుతుంది. రెండో రోజు పాలకు అర గ్లాసు చాలు. మూడో రోజు పాలకు ఏమీ కలపనక్కరలేదు. కలిపిన పాలు లీటరుంటే పావు కిలో బెల్లం తురిమి, పొయ్యి ఎక్కించకుండా చల్లని పాలలోనే కరిగించి వడగట్టాలి. బెల్లంలో ఇసుక ఉంటే అక్కడే తేలిపోతుంది. పది మిరియాలు, నాలుగు ఏలకులు దంచి కలపాలి. మిరియం ఘాటుకే కాదు, జున్ను అరగడానికీ మంచిదని పెద్దలు వేస్తారు.

గిన్నెలో ముప్పాతిక వంతు పోసి, ఆవిరి నీళ్లు పడకుండా మూత పెట్టాలి. పెద్ద గుండిగలో రెండంగుళాల నీళ్లు పోసి, అందులో ఈ గిన్నె దించి, సన్నని సెగ మీద అరగంట ఉంచాలి. మంట ఎక్కువైతే జున్ను చిల్లులు పడి నీళ్లు ఊరుతుంది. చీపురుపుల్ల కడిగి నడుమ గుచ్చితే తడి లేకుండా రావాలి. దించి, పూర్తిగా చల్లారాకే ముక్కలు కోయాలి. వేడి మీద కోస్తే ముక్క నిలవదు. ఈ పాలను పచ్చివిగా తాగడం మంచిది కాదు. పశువుకు సూదిమందు వేయించి ఉంటే, పాలు ఎప్పటి నుంచి వాడవచ్చో వైద్యుణ్ణి అడగాలి.

గేదె లేని ఇంట

జున్నుపాలు దొరకనివారు కోడిగుడ్లతో ఇదే రుచి తెచ్చుకోవచ్చు. అర లీటరు పాలకు నాలుగు గుడ్లు నురగ రాకుండా గిలకొట్టి, పంచదార, ఏలకుల పొడి కలిపి వడగట్టి, పై పద్ధతిలోనే ఆవిరి మీద ఉడికించాలి. పాశ్చాత్య దేశాల్లో కస్టర్డ్ అనేది దీన్నే. పిండితో చేసిన పళ్లెంలో పోసి కాలిస్తే అది కస్టర్డ్ పై. గుడ్లు పడని తన భార్య కోసం ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ 1837లో మొక్కజొన్న పిండితో కనిపెట్టినదే కస్టర్డ్ పొడి. సముద్రపు పాచి నుంచి తీసే చైనాగ్రాస్‌తో జున్నులా పేర్చినవి కూడా పట్నాల్లో అమ్ముతారు. చూపుకు జున్నే గాని అందులో ముర్రుపాల చుక్క ఉండదు.

పట్నాల్లో జున్నుపాలకు మంచి ధర పలుకుతోంది. ఆ ధర చూసి దూడ నోరు కట్టేస్తే కొడవలి పెట్టి పైరు మొలక కోసుకున్నట్టే. దూడ కడుపు నిండి, పాకలో చెంగున గెంతిన తర్వాత పొయ్యి మీదకు ఎక్కిన గిన్నె ఇంటికీ వీధికీ కూడా శుభమే.