ఎలుకకు మేలు చేసిన ఖనిజము మన షుగరుకు మందా?



ఒకప్పుడు పట్టణపు జబ్బు అనుకున్న షుగరు ఈనాడు ఎత్తిపోతల చుట్టుపట్ల పల్లెలలోకి కూడా వచ్చినది. దాని వెనుకనే ఖనిజాల పొడులు వచ్చినవి. "క్రోమియం, వనేడియం ఉన్నాయి, ఎలుకలలో రుజువైనది, ఇక మాత్రలు అక్కరలేదు" అని చెప్పితే చదువుకున్నవారు సైతం నమ్ముతున్నారు. అసలు ఆ ఎలుకల సంగతి ఏమిటో చూద్దాము.

1959లో అమెరికాలో ష్వార్జ్, మెర్ట్జ్ అను శాస్త్రజ్ఞులు ఒక రకపు ఈస్టు మేతతో పెరిగిన ఎలుకల రక్తములో చక్కెర త్వరగా తగ్గకపోవుట గమనించి, క్రోమియం ఇవ్వగా సరిపడినదని ప్రకటించారు. 1985లో కెనడాలో షుగరు తెప్పించిన ఎలుకలకు త్రాగే నీటిలో వనేడియం కలిపి ఇస్తే, ఇన్సులిన్ పెరగకుండానే చక్కెర మామూలు స్థితికి దిగినది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు తల్లి ఎలుకల మేతలో క్రోమియం తగ్గించి చూడగా, పిల్లలకు పొట్ట లోపల కొవ్వు పెరిగినట్లు 2010లో వెల్లడించారు.

ఇవన్నీ నిజమే. అయితే లోటు తీర్చుట వేరు, రోగము కుదుర్చుట వేరు. నీరు చాలని మిరపతోటకు తడి పెడితే తేరుకుంటుంది. వేరుకుళ్ళు పట్టిన తోటకు ఎన్ని తడులు పెట్టినా తేరుకోదు. పైగా వనేడియం మోతాదు ఎక్కువైతే విషము. ఎలుకలకు విరేచనాలు పట్టుకొని, బరువు తగ్గినవి. మనుష్యులలోనూ కడుపు బాధలు కనబడినవి.

జంతు పరీక్షలు వ్యర్థమని మేము అనుట లేదు. 1921లో టొరంటోలో కుక్కలపై జరిగిన పరీక్షల నుండే ఇన్సులిన్ వచ్చినది. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల బాలునికి ఇచ్చి, మనిషిలోనూ పనిచేయుట చూచారు. ఖనిజాల పొడులు ఆ రెండవ మెట్టు ఎక్కలేదు. మనుష్యులలో క్రోమియం ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. క్రోమియం మనిషికి అవసరమనుటకే నమ్మదగిన ఆధారము లేదని 2014లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ తేల్చినది.

కనుక మన కుటుంబాలలో ఎవరును పొడిని నమ్మి ఇన్సులిన్ గాని మాత్రలు గాని మానవద్దు. ఇప్పటికే పొడి వాడుచున్నవారు, ముఖ్యముగా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఆ డబ్బాను డాక్టరుగారికి చూపించండి. కందులు, నువ్వులు, ఆకుకూరలలో ఖనిజాలు ఉన్నవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో రక్తపరీక్ష మరువకండి. ఇంట్లో పెద్దలుంటే వారిని మీరే వెంటబెట్టుకొని వెళ్ళండి.