ఎగరాలంటే ముందు పరిగెత్తాలి!

మారియోకి తోక వస్తే ఎగురుతాడు. కానీ ఊరికే కాదు! 1988లో జపాన్‌లో రిలీజైన ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’లో అసలు మజా ఇక్కడే ఉంది.

ఆకు అందుకోగానే మారియోకి చెవులు, తోక మొలుస్తాయి. స్క్రీన్ కింద బాణం గుర్తులతో ఓ మీటర్ ఉంటుంది. ‘బి’ బటన్ నొక్కిపట్టి పరిగెత్తితే అది నిండుతుంది. చివర్లో ‘పి’ వెలిగాక గెంతి, ‘ఎ’ బటన్‌ని టకటకా నొక్కుతుంటే కొన్ని సెకన్లు గాల్లోనే! మధ్యలో ఆగారా, మీటర్ దిగిపోతుంది.

అంటే ఎగరడానికి ఖాళీ దారి కావాలి. చోటు చాలకపోతే? మొదటి మారియోలో దాటేసిన స్క్రీన్ మళ్లీ వెనక్కి జరగదు. ఇందులో చాలా లెవెల్స్‌లో జరుగుతుంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి పరుగందుకోవచ్చు.

ఇదంతా నేర్పడానికి మెసేజ్‌లేం రావు. మొదటి లెవెల్‌లోనే ఆకు ఇచ్చి, ముందు పొడవాటి దారి వదిలి, పైన ఆకాశంలో నాణేలు పెట్టారు. పరిగెత్తి చూస్తే మనకే తెలిసిపోతుంది.

కోడ్ రాసేవాడిగా నాకు బాగా నచ్చింది ఇదే. ఇప్పటి చాలా మొబైల్ గేమ్స్‌లో పవర్ కావాలంటే యాడ్ చూడాలి, లేదా డబ్బు కట్టాలి. ఇక్కడ పరిగెత్తితే చాలు.